కడిగి బోర్లించిన కుండీలు

ఉదయం 7.40. కొండ మీది బొటానికల్ గార్డెన్‌లో డైరెక్టర్ గ్లాస్‌హౌస్ తలుపు తీశాడు. పంతొమ్మిది మొక్కలు మాయం.

8.25కి లేడీ ఇన్‌స్పెక్టర్ దిగింది. ఆవిడకి కుదురు తక్కువ. కాలు కాలిన పిల్లిలా బల్లల మధ్య తిరుగుతూనే ప్రశ్నలు వేసింది.

"ఏం మొక్కలు?"

"ఈ కొండ మీద తప్ప ఎక్కడా పెరగని దేవదారు. అడవిలో ఒకే ఒక్క పెద్ద చెట్టు మిగిలింది. దాని గింజల్లోంచి ఆరేళ్ళలో మొలిచి, మిగిలినవి ఈ పంతొమ్మిదే."

"ఎంతసేపు బతుకుతాయి?"

"వేళ్ళు ఆరితే సాయంత్రానికల్లా పోతాయి. పదకొండింటికి లారీ వస్తుంది. కింద నగరంలో మా కొత్త ఆఫీసు ముందు నాటాలి. పెద్దవాళ్ళంతా వస్తున్నారు, నా పరువేం కాను?"

తాళం పగల్లేదు. తాళంచెవులు ముగ్గురి దగ్గరే ఉన్నాయి: డైరెక్టర్, వాచ్‌మన్, ముసలి తోటమాలి.

ముందు వాచ్‌మన్‌ని పిలిచింది.

"పొద్దున గేటు దాటి ఎవరు వెళ్ళారు?"

"ఎవరూ లేరండీ. మా మామయ్యగారికి కూడా ఒంట్లో బాగాలేదండీ, ఇంట్లోనే ఉన్నారు."

మామ సంగతి ఎవరూ అడగలేదు. ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకుంది. 9.10.

9.40కి ఆ మామ, అంటే తోటమాలి, మోకాళ్ళ దాకా బురదతో వచ్చాడు.

"ఒంట్లో ఎలా ఉంది?"

"నాకేమమ్మా, నిక్షేపంలా ఉన్నాను."

అల్లుడు తల దించుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ ముగ్గురినీ బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది. "దొంగ అయితే కుండీలతో సహా ఎత్తుకుపోతాడు. పంతొమ్మిది కుండీలూ ఇక్కడే ఉన్నాయి. శుభ్రంగా కడిగి బోర్లించారు. నేనొచ్చేసరికి వాటి కింద బల్ల ఇంకా తడిగా ఉంది."

"ఖాళీ కుండీలు ఎప్పుడూ అలాగే ఉంటాయి కదా?" అన్నాడు డైరెక్టర్.

"అందుకే అవి మీ కంటికి ఆనలేదు. దొంగతనానికొచ్చి కూడా కుండీలు కడిగేది ఎవరు?"

తోటమాలి తడుముకోలేదు. "కడక్కపోతే తెగులు పక్క మొక్కకి పాకుతుంది తల్లీ. ముప్ఫై ఏళ్ళ అలవాటు. చెయ్యి ఊరుకోలేదు."

"మొక్కలేవి?"

"వాళ్ళమ్మ దగ్గర. పెద్ద చెట్టు నీడలో నాటేశాను. కింద ఆ ఎండకి పది రోజులు కూడా బతకవు. పోయినేడు ఆరు పంపారు. ఆరూ మాడిపోయాయి. అయ్యగారికి ఎన్నిసార్లు చెప్పానో."

డైరెక్టర్ మొహం కందగడ్డ అయింది. "ఇప్పుడే తవ్వి తెప్పించండి. ఇతన్ని అరెస్ట్ చెయ్యండి."

"తవ్వితే?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"ఒక్కటీ దక్కదు," అన్నాడు తోటమాలి. జేబులోంచి తడిగుడ్డ మూట తీశాడు. అందులో జానెడు మొక్క, మొదలు విరిగి ఉంది. "పద్దెనిమిదే నాటానమ్మా. ఇది దారిలో నా చేతుల్లోనే పోయింది. దీనికి మాత్రం నా మీద కేసు రాసుకో."

పొద్దుట్నుంచీ నిలవని ఇన్‌స్పెక్టర్ స్టూలు మీద కూలబడింది. రిపోర్టు తెరిచింది.

పోయిన సొత్తు: పంతొమ్మిది మొక్కలు. దొరికినవి: పద్దెనిమిది. దొరికిన చోటు: వాటి సొంత ఇల్లు. కదిలిస్తే సాక్ష్యం నాశనమవుతుంది, ఎవరూ ముట్టుకోరాదు.

సంతకం పెట్టి కాగితం డైరెక్టర్ చేతిలో పెట్టింది. బయట లారీ హారన్ మోగింది. పదకొండయింది.

"ఖాళీగా పంపెయ్యండి," అంది.