ఇంటికి రాని ల్యాప్‌టాప్

ఆ ఉదయం తలుపు తోసుకుని వచ్చినావిడ కుర్చీ చూపించినా కూర్చోలేదు. చేతిసంచి గుండెకి అదుముకుని నిలబడే మాట్లాడింది. బట్టలు కుట్టి తమ్ముణ్ణి చదివించిన అక్క ఆమె.

"మావాడు దొంగ కాదండీ. నాలుగు రోజులుగా ముద్ద ముట్టలేదు. గోడకేసి తిరిగి పడుకున్నాడు. ఏం చేసుకుంటాడోనని భయంగా ఉంది."

తమ్ముడు ఓ నిర్మాణ కంపెనీలో ప్లాన్లు గీస్తాడు. కంపెనీ ల్యాప్‌టాప్‌ని ఉద్యోగి సొంతానికి వాడుకుంటే, ఆ వాడకానికి విలువ కట్టి జీతంలో కలిపి పన్ను కోస్తారు. అలా వాడుతున్నానని అతను రాసిచ్చినట్టుగా ఓ ఫారం హెడ్డాఫీసులో ఉంది. తనిఖీకొచ్చిన పన్ను అధికారి అడిగితే మాత్రం, "నాకు ల్యాప్‌టాపే ఇవ్వలేదు" అన్నాడు. కాజేసి బుకాయిస్తున్నాడని కంపెనీ ఉద్యోగంలోంచి తీసేసింది.

పన్నుల శాఖలో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ పని చూసుకుంటున్న మేడం లేచింది. "ముందు అతన్ని చూద్దాం, పదండి."

ఆమె సహాయకుడు, పాత టైపిస్టు, నోటుపుస్తకం తీసుకుని వెంట నడిచాడు. పదేళ్లుగా పక్కనున్నా ఆమె మనసులో ఏముందో అతనికి ఒక్కసారీ అంతుపట్టలేదు.

తమ్ముడు అతి కష్టం మీద నోరు విప్పాడు.

"సీలు వేసిన డబ్బా చూపించి రిజిస్టరులో సంతకం పెట్టమన్నారు. పెట్టాను. మర్నాటికి డబ్బా లేదు. పాడైందేమో, షాపుకి పంపేశారనుకున్నాను."

"పన్ను ఎక్కువ కోశారుగా?"

"అందరికీ పెరిగిందనుకున్నానండీ. ఫారం సంతకం నాది కాదు."

మధ్యాహ్నం ఆఫీసులో స్టోర్‌కీపరు, అకౌంటెంటమ్మ, మేనేజరు ఒకే మాట చెప్పారు: ల్యాప్‌టాప్‌ని డబ్బాలో తప్ప తామెప్పుడూ చూడలేదని. రిజిస్టరులో నంబరు స్టోర్‌కీపరే రాశాడు. డబ్బా మీద అచ్చు మసకగా ఉందన్నాడు. అసలు బిల్లు నేరుగా హెడ్డాఫీసుకి వెళ్లింది, ఇక్కడెవరి కంటా పడలేదు.

మేడం హెడ్డాఫీసునుంచి బిల్లూ ఫారమూ తెప్పించింది. టైపిస్టు మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. నంబరులో చివరి అంకె రిజిస్టరులో ఎనిమిది. బిల్లులో మూడు. ఫారంలోనూ మూడే.

"స్టోర్‌కీపరు పొరబడ్డాడండీ" అన్నాడు.

"అవును. మంచి పని చేశాడు."

మర్నాడు ఉదయం మేడం అందరినీ యజమాని గదిలో కూర్చోబెట్టింది. అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"పోలీసులకి ఫిర్యాదివ్వాలి. పోయిన ల్యాప్‌టాప్ నంబరు ముగ్గురూ తలో కాగితం మీద రాసివ్వండి."

స్టోర్‌కీపరు, అకౌంటెంటమ్మ రిజిస్టరు చూసి రాశారు. మేనేజరు తన ఫోను తీసి, అందులో చూసి రాశాడు.

మేడం కాగితాలు బల్లమీద పరిచింది. "వీళ్లిద్దరూ ఎనిమిది రాశారు. మీరు మూడు రాశారు. సరైనది మీదే. కానీ ఈ ఆఫీసులో అందరికీ తెలిసింది తప్పు నంబరు. సరైనది తెలియాలంటే ల్యాప్‌టాప్ తిరగేసి చూసుండాలి. ఫారం నింపిన మనిషీ అలాగే చూసి రాశాడు. మీ పేరున తీసుకుంటే పన్ను మీ జీతంలోంచి పోతుంది. అందుకే వస్తువు మీ ఇంటికీ, పన్ను ఇతని నెత్తికీ చేర్చారు."

మేనేజరు ఫోను బల్లమీద బోర్లించాడు.

"మా అమ్మాయి చదువుకి కావాల్సొచ్చింది. మొన్న రిపేరుకిస్తే నంబరడిగారు, ఫోనులో రాసుకున్నాను" అన్నాడు. "నెలకి పోయేది కొంచెమే కదా, అతను గమనించడనుకున్నాను. అధికారి అడిగాక నిజం చెప్పే ధైర్యం లేకపోయింది."

టైపిస్టు రాస్తున్న కలం ఆగింది. ఆ కొంచెం కోసం నాలుగు రోజులుగా ఓ మనిషి అన్నం మానేశాడు.

యజమాని లేచి తమ్ముడి దగ్గరికొచ్చాడు. "పొరపాటైపోయింది. రేపట్నుంచి పనిలోకి రా. కోసిన పన్ను సంగతి నేను చూస్తాను."

అతను అక్క చెయ్యి విడిచి, మొదటిసారి నిటారుగా నిలబడ్డాడు.

"నన్ను తీసేసిన కాగితం నోటీసు బోర్డుకి అంటించారండీ. అందరూ ఆగి చదివారు. నేను దొంగని కానని రాసిన కాగితం కూడా అక్కడే అంటించండి. వాళ్లు చదివాక వస్తాను."