అల్లుడికి కోటు, అమ్మాయికి చోటు

శనివారం పొద్దున ఎల్స్‌బెత్ వంటింటి బల్ల మీద నీలం రంగు కోటు పరిచి, భూతద్దాల కళ్ళజోడు పెట్టుకుని, చంక దగ్గరి కుట్టు విప్పడానికి కూర్చుంది. పక్కనే కాఫీ. కాఫీ పక్కన వెన్న. వెన్న పక్కన అల్లుడు. అల్లుడి వెనక, టేపు పట్టుకుని మొగుడు.

"ఊపిరి బిగబట్టకు రెటో," అన్నాడు కోబి, అల్లుడి నడుం చుట్టూ టేపు తిప్పుతూ. "బిగబడితే అబద్ధపు కొలత వస్తుంది. ఊరేగింపులో గుండీ ఊడి ఎవడి కంట్లోనో పడుతుంది."

"కంటికి బీమా ఉంటే పరవాలేదు మామయ్యగారూ," అన్నాడు రెటో. అతను బీమా కంపెనీలో ధీమాగా బతుకుతున్న మనిషి.

జూరిక్ పాతబస్తీలో, లిమ్మత్ నది ఒడ్డుకు రెండు సందుల వెనక, వాళ్ళ రొట్టెల దుకాణం. దుకాణం వెనక వంటిల్లు. పై అంతస్తులో కూతురూ అల్లుడూ. ఏటా ఆ నీలం కోట్లతో ఊరేగే 'బంగారు తెడ్డు' సంఘంలో కోబి సభ్యుడు. ఆరేడు వందల ఏళ్ళ కిందట ఊళ్ళో ఒక్కొక్క వృత్తికీ ఒక్కొక్క సంఘం పుట్టినప్పుడు అది రొట్టెలవాళ్ళ వాటాకి వచ్చింది. ఇప్పుడు అందులో ఉన్నది లాయర్లు, బ్యాంకువాళ్ళు, పళ్ళ డాక్టర్లు. వృత్తి పోయింది, సంఘం మిగిలింది. పిండి పిసికేవాళ్ళు తగ్గి జనాన్ని పిండేవాళ్ళు పెరిగారని కోబియే విందుల్లో హాస్యమాడేవాడు. సొంత పొయ్యి ఉన్న సభ్యుడు అతనొక్కడే. మోకాళ్ళు అరిగినప్పటి నుంచి ఆ పొయ్యి దగ్గర నిలబడేది కూడా అతను కాదు, కూతురు రెగులా. పేరు రెగులా, పని రెగ్యులర్. కోడి కంటే ముందు లేస్తుంది, కోడి కంటే తక్కువ మాట్లాడుతుంది.

ఆవేళ మాత్రం మాట్లాడింది.

ఆదివారాల కోసం అల్లిన జడరొట్టెని పళ్ళెంలో పెట్టుకుని లోపలికి వచ్చి, టేపు చూసింది. కోటు చూసింది. మొగుడి నడుం చూసింది.

"ఏంటిది?"

రెటో గబుక్కున కూర్చున్నాడు. టేపు అతనితోపాటే కూర్చుంది.

"చెబుదామనే అనుకుంటున్నాం," అన్నాడు కోబి. "సాయంత్రం సర్వసభ్య సమావేశం ఉంది కదా. నా తర్వాత మన ఇంటి చోటు ఎవరిదో ఈ ఏడు నేను చెప్పాలి. ఇంటికి ఒకటే చోటు. రెటో పేరు ఇస్తున్నాను."

"రెటో పేరు."

"మరి ఎవరి పేరివ్వను? నాకు కొడుకు లేడు."

"నేనున్నాను."

"నువ్వు ఉన్నావమ్మా, ఎవరు కాదన్నారు? కానీ అది మగవాళ్ళ సంఘం. ఆ నియమం నేను రాశానా?"

రెగులా పళ్ళెం బల్ల మీద పెట్టింది. కాస్త గట్టిగానే పెట్టింది. "కొత్త సభ్యుడు పెద్దల ముందు తన చేత్తో జడరొట్టె అల్లాలి కదా. అది కూడా మీ నియమమే. ఈయన అల్లుతాడా? అల్లుడికి అల్లడం వచ్చా?"

"అది ఇప్పుడు నామకార్థం. ఇంట్లో చేయించి పట్టుకెళ్ళి బల్ల మీద పెడతారు, అందరూ చప్పట్లు కొడతారు."

"ఎవరిచేత చేయిస్తారు?"

 కోబి వెన్న వైపు చూశాడు.

"నాచేతనే!" అంది రెగులా. "నేను అల్లాలి, ఆయన మోయాలి, వాళ్ళు చప్పట్లు కొట్టాలి. ఏటేటా మీ విందుకి రొట్టె నాదే. తట్ట వెనక గుమ్మంలో దింపి వెళ్ళిపొమ్మంటారు. లోపల మీ సంఘపెద్ద రొట్టెలవాళ్ళ ఘనత గురించి ఉపన్యాసం ఇస్తుంటే మెట్ల మీదికి వినబడుతుంది నాన్నా. నోట్లో నా రొట్టె పెట్టుకుని మరీ మాట్లాడతాడు."

"సభ్యత్వం లేకపోతే పోయింది, కాస్త సభ్యతగా మాట్లాడు!" కోబి మొహం పొయ్యిలో పెట్టి తీసినట్టయింది.

"మామయ్యగారూ," అన్నాడు రెటో చిన్నగా, "నిజం చెప్పాలంటే నాకు పిండికీ సున్నానికీ తేడా తెలియదు. మీరు అడిగితే కాదనలేక..."

"నువ్వు నోర్మూసుకో!" అన్నారు తండ్రీ కూతుళ్ళు ఒక్కసారే. ఆ పొద్దున వాళ్ళిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

అప్పుడు ఎల్స్‌బెత్ కత్తెర కింద పెట్టింది.

"ఈ కుట్టు నేను విప్పను," అంది.

"ఇప్పుడు నువ్వు మొదలెట్టావా? రెండు వేళ్ళు వదులు చెయ్యమన్నాను, అంతేగా!"

"ఈ కోటు ఎవరిది కోబీ?"

"నాది."

"నీకు ముందు?"

కోబి టేపు చివర వేలికి చుట్టుకున్నాడు.

"మా నాన్నది," అంది ఎల్స్‌బెత్. గొంతు పెంచలేదు. "మన పెళ్ళయిన ఏడు దీన్ని బిగువు చేసి కుట్టింది నేనే. మా నాన్నకి నేనొక్కదాన్నే. ఈ పొయ్యి ఆయనది, ఆ సంఘంలో చోటు ఆయనది. సమావేశం రోజున ఇదే వంటింట్లోకి వచ్చి, 'నీ మొగుణ్ణి చేర్పిస్తున్నాను, సంతోషమేనా' అన్నాడు. సంతోషమే అన్నాను. కాఫీ పెట్టాను. రాత్రికి కోటు బిగించాను. నాకూ ఒక చోటు కావాలేమోనని ఆయనకి తోచలేదు. తోచనందుకు నాకు కోపం కూడా రాలేదు. ఇప్పుడు వస్తోంది."



"నువ్వెప్పుడూ చెప్పలేదమ్మా," అంది రెగులా.

"ఎవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు." కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఒకసారి అల్లుడి కోసం బిగించాను. ఇంకో అల్లుడి కోసం వదులు చెయ్యను. కావాలంటే దర్జీ దగ్గరికి తీసుకుపో."

కోబి కోటు తీసుకోలేదు. టేపు చుట్టి జేబులో పెట్టుకుని, దుకాణంలోకి పోయి, సాయంత్రం దాకా వచ్చినవాళ్ళకి అడిగిన రొట్టె కాకుండా వేరే రొట్టె ఇస్తూ గడిపాడు.

సమావేశం నుంచి చాలా తొందరగా వచ్చేశాడు. ముగ్గురూ సూప్ తాగుతున్నారు. టోపీ తియ్యకుండానే కూర్చున్నాడు.

"రెటో పేరు ఇవ్వలేదు," అన్నాడు. "రెగులా పేరు ఇచ్చాను."

చెంచాలు ఆగాయి.

"ఆ చోటు నాది కాదని చెప్పాను. మా ఆవిడది, నా దగ్గర ఉంచారు, ఇన్నాళ్ళూ కూర్చున్నాను, ఇక లేవాలి అన్నాను. చేతులెత్తమన్నారు. రెండు లేచాయి. ఒకటి నాది."

"రెండోది?" అంది రెగులా.

"ముసలి హాగెన్‌బూఖ్‌ది. ఆయనకి చెవులు వినబడవు. ఇంకో విడత వైన్ కావాలా అని అడుగుతున్నారనుకున్నాడు."

రెగులా నవ్వింది. నవ్వు సగంలో ఏడుపైంది, ఏ సగం ఏదో తెలియకుండా రెండూ కలిసిపోయాయి. "నేను గెలవననుకున్నాను," అంది. "మీరు నా పేరు పలుకుతారని కూడా అనుకోలేదు."

"మా అమ్మాయిని తీసుకునేదాకా నేనూ ఊరేగింపులో నడవనని చెప్పి వచ్చేశాను." కోబి అప్పుడు టోపీ తీశాడు. "సూప్ మిగిలిందా?"

రెండు వారాల తర్వాత సోమవారం, ఆరుగంటల పండుగ. సాయంత్రం ఆరు కొట్టగానే చలికాలాన్ని దూది మంచుబొమ్మ చేసి తగలబెట్టే రోజు. ఇరవై పైచిలుకు సంఘాలు బ్యాండు మేళాలతో స్టేషన్ వీధి వెంట నడిచాయి. కోబి మామూలు కోటులో, పేవ్‌మెంటు మీద, ఎల్స్‌బెత్ పక్కన నిలబడ్డాడు. అతనికది చిత్రంగా ఉంది. ఇన్నేళ్ళు ఊరేగింపులో ఉండి, ఊరేగింపు ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. నడిచేవాడికి కనబడేది ముందువాడి వీపు.

"ఎవరి మొహమూ కనబడటం లేదు," అన్నాడు మెడ చాచి. "అంతా టోపీలే."

"మడమలెత్తి చూడాలి. కొంచెం సేపటికి పిక్కలు పట్టేస్తాయి."

"ఏటా ఇక్కడే నిలబడేదానివా?"

"ఇక్కడే. వీధి మలుపు కదా, నువ్వు తల తిప్పుతావని."

"తిప్పేవాణ్ణా?"

 ఎల్స్‌బెత్ అబద్ధమాడే మనిషి కాదు. "ఒకటి రెండుసార్లు."

 కోబి ముక్కు చీదుకున్నాడు. కంట్లో ఎండ పడుతోందని అన్నాడు గానీ, ఆవేళ ఆకాశమంతా మబ్బే. అతని చెయ్యి ఎల్స్‌బెత్ మోచెయ్యి కింద దూరి అక్కడే ఉండిపోయింది.

అంతలో బంగారు తెడ్డు సంఘం మేళం వినబడింది. ఆ దరువుకి కోబి పాదాలు వాటంతటవే ఎడమ, కుడి వేయడం మొదలుపెట్టాయి. ఆపుకున్నాడు. ముందు సంఘపెద్ద, వెనక లాయర్లు, బ్యాంకువాళ్ళు, పళ్ళ డాక్టర్లు. సంఘపెద్ద కోబిని చూసి, చూడనట్టు మొహం తిప్పుకోబోయాడు.

కోబి వెనక్కి తిరిగి, జనం మధ్య రెటో పక్కన నిలబడ్డ కూతురి భుజాలు పట్టుకుని, దారి చేసుకుంటూ ముందు వరసలోకి తెచ్చి, జనాన్ని ఆపడానికి కట్టిన తాడు దగ్గర నిలబెట్టాడు.

"ఏంటి నాన్నా, అందరూ చూస్తున్నారు!"

"చూడాలి," అన్నాడు కోబి, తను ఆమె వెనక్కి జరుగుతూ. "ఒక్కొక్కడూ నీ మొహం చూసే వెళ్ళాలి. వచ్చే ఏడు నేను నీ పేరు చెప్పినప్పుడు, ఎవరా అమ్మాయి అని ఏ ఒక్కడూ అడగకూడదు."

రెగులా తల ఎత్తి నిలబడింది. ఎల్స్‌బెత్ కూడా కూతురి పక్కకి నడిచి వచ్చి, తాడు పట్టుకుని, మొదటిసారి మడమలు దించి చూసింది.