పెరుగన్నం పట్టుకెళ్ళిన దొంగ

పాల పాకెట్టు తీసుకుందామని బాలసరస్వతి హాల్లోకొచ్చేసరికి, విమాన ప్రయాణానికని కుక్క కోసం కొన్న పెట్టె తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల కుక్క లేదు.

"చెగోడీ!" అని పిలిచింది.

ఆ పిలుపు చెవిన పడితే చాలు, గచ్చు మీద గోళ్ళు టకటకలాడించుకుంటూ వచ్చి కాళ్ళ మీద పడేది. తోక గుండ్రంగా చుట్టుకుని ఉంటుందని ఆ పేరు పెట్టింది తనే. మంచం కింద చూసింది. బాల్కనీలో వాషింగ్ మెషిన్ వెనక చూసింది. ఎక్కడా లేదు. వీధి తలుపు గడియ తీసి, దగ్గరగా వేసి ఉంది.

రేపే ప్రయాణం. కారులో హైదరాబాద్, అక్కణ్ణించి జర్మనీ, చెల్లెలు శాంభవి దగ్గరికి. బెజవాడ ఎండలు తప్పించుకుని మూడు నెలలు చల్లగా ఉండి రావాలని. మనిషికి వీసా తేలిగ్గానే వచ్చింది. చెగోడీకే నానా తిప్పలూ పడింది. మెడ దగ్గర చర్మం కింద గుర్తు కోసం చిప్పు, ఆ తర్వాత రేబిస్ టీకా, ఆ తర్వాత రక్తపరీక్ష, అది వచ్చాక నెలల తరబడి ఎదురుచూపు. పెట్టె అలవాటు చెయ్యడం ఇంకో పెద్ద పని. మీరు కట్టి విడిచిన బట్ట లోపల పరవండి, భయపడదు అన్నాడు కుక్కల డాక్టరు. పాత మంగళగిరి చీర చింపి పరిచింది.

"చెగోడీని కూడా తెచ్చేస్తున్నావు, ఇంక నీకు బెజవాడలో ఏం పనక్కా?" అంది మొన్న శాంభవి, ఫోను స్పీకర్లో. "తిరిగొచ్చాక హైదరాబాదులో మా ఫ్లాటు ఖాళీగానే ఉంది. వాడూ నువ్వూ హాయిగా ఉండిపోండి."

"చూద్దాంలే," అంది బాలసరస్వతి. ఆ 'చూద్దాం' వెనక ఏముందో ఆమెకే తెలీదు.

పటమటలోని ఆ ఇంట్లో ఉండేది ముగ్గురే: ఆమె, భర్త వెంకటకృష్ణారావు, చెగోడీ. పిల్లల్లేరు. కిందటేడు ఆమె హైస్కూల్లో లెక్కల టీచరుగా రిటైరైంది. దంపతులిద్దరికీ సన్మానమని స్టేజి మీద రెండు కుర్చీలు వేశారు. ఆటోనగర్లో లారీ గేర్ బాక్సులు బాగుచేసే షెడ్డు వదిలి ఆయన రాలేదు. తెచ్చిన రెండో దండ ఏం చెయ్యాలో తోచక హెడ్మాస్టరుగారు దాన్ని ఖాళీ కుర్చీకి వేశారు. బతికున్న మనిషి కుర్చీకి దండ! ముందు వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు. ఆ కుర్చీ పక్కనే కూర్చుని ఆమె ఫోటోలకి నవ్వింది.

ఆ సాయంత్రం నుంచి ఆయనతో నేరుగా మాట్లాడటం మానేసింది. ఏదున్నా కుక్కతోనే. ఆయన జవాబూ కుక్కకే.

"చెగోడీ, ఉప్మా చల్లారిపోతోందని చెప్పు."

"చెగోడీ, ఇవాళ షెడ్డులో పనుంది, భోజనానికి రానని చెప్పు."

అది పాపం ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసేది. పొద్దు వాలాక మరీ కష్టంగా ఉండేది. ఆయన టీవీ ముందు, ఆమె బాల్కనీలో, మధ్యన గుమ్మంలో అది. అది నిద్రపోతే ఇంట్లో ఇంక మాటే ఉండేది కాదు.

ఇప్పుడు ఆ మధ్యవర్తే మాయమైంది. వేరే దారి లేక ఫోను తీసింది.

"ఏమండీ, చెగోడీ కనపడట్లేదు."

"నువ్వేనా మాట్లాడేది?" అన్నాడాయన అవతల్నించి.

"నేనే. వాడు లేడండీ, తలుపు తీసి ఉంది."

"షెడ్డులో ఉన్నాను. వచ్చేస్తున్నా. కంగారుపడకు."

ఆమె కిందికి పరిగెత్తింది. వాచ్‌మన్ ఇశ్రాయేలు గేటు దగ్గర మొక్కలకి నీళ్ళు పెడుతున్నాడు.

"ఇశ్రాయేలూ, మా చెగోడీ బయటికి పోయాడా?"

"లేదమ్మగారూ. గేటు నా చేతుల మీదే కదండీ. పెబువు సాక్షిగా చెప్తన్నా, ఒక్క కుక్క కూడా నడిచి ఎల్లలేదండి."

"నడిచి వెళ్ళలేదా?"

ఇశ్రాయేలు చేతిలోని పైపు వంక చూసుకున్నాడు. "నడిచి మాత్రం ఎల్లలేదండి," అన్నాడు మళ్ళీ. "ఇంకేం అడక్కండమ్మా. ఉజ్జోగం పోద్ది."

ఆమె మెల్లగా మెట్లెక్కి వచ్చింది. పెట్టె ముందు కూర్చుని లోపలికి తొంగిచూసింది. పరిచిన చీర ముక్క లేదు. లేచి వెళ్ళి ఫ్రిజ్ తీసింది. చెగోడీ కోసం కలిపి ఉంచిన పెరుగన్నం డబ్బా లేదు. దేవుడి గదిలో వెండి కుందులు మాత్రం ఉన్నచోటే మెరుస్తున్నాయి.

లెక్కల టీచరుకి ఇంతకంటే తేలిక లెక్క ఏముంటుంది? వెండి వదిలేసి పెరుగన్నం పట్టుకెళ్ళే దొంగ ఈ ఊరు మొత్తం మీద ఒక్కడే ఉంటాడు.

వెంకటకృష్ణారావు ఆయాసపడుతూ వచ్చాడు. రాగానే మంచం కింద వెతికాడు. కర్టెన్లు కదిపి చూశాడు. గ్యాస్ సిలిండర్ వెనక కూడా చూసి, "ఛ, ఎక్కడికి పోయుంటాడు!" అని నుదురు కొట్టుకున్నాడు.

ఆమె సోఫాలోంచి కదల్లేదు. "పదండి, పోలీసు కంప్లయింటు ఇద్దాం."

"పోలీసులా? కుక్క కోసమా? నవ్వుతారు. రెండ్రోజులు చూద్దాంలే."

"రెండ్రోజులు చూస్తే విమానం వెళ్ళిపోతుంది."

"ఇంకో విమానం ఉండదా ఏంటి?"

"మీ ప్యాంటుకి ఆ గడ్డేంటండీ?"

ఆయన వంగి చూసుకున్నాడు. "షెడ్డులో... ఎక్కడో..."

"షెడ్డులో గ్రీజు అంటుకుంటుంది. గడ్డి అంటుకోదు."

ఆయన గ్యాస్ అయిపోయిన పొయ్యిలా చప్పున చల్లారిపోయాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"పామర్రులో ఉన్నాడు. జక్కయ్య ఇంట్లో. చీకటితోనే దింపొచ్చాను."

జక్కయ్య షెడ్డులో పెద్ద మేస్త్రీగా చేసి మానేసి, ఊళ్ళో గేదెల్ని మేపుకుంటున్నాడు. ఆమెకి తెలుసు.

"ఏమన్నా తిన్నాడా?"

"పెరుగన్నం తిన్నాడు. నీ చీర మీద పడుకున్నాడు."

ఆమె టేబుల్ మీద ఆయన పడేసిన కారు తాళాలు తీసి ఆయన చేతిలో పెట్టింది.

బందరు రోడ్డు ఎక్కారు. ఉయ్యూరు దాటాక రెండు పక్కలా కోత అయిపోయిన పొలాలు, బీటలు తీసి ఉన్నాయి. కాలవలు కట్టేసిన రోజులు. అడుగున ఆకుపచ్చ బురద, అందులో రెండు కొంగలు. కారులో అంత దూరమూ ఇద్దరే కూర్చోవడం ఎంత కాలానికి! ఎక్కడ చూడాలో తెలియక ఇద్దరూ రోడ్డునే చూస్తున్నారు.

"ఎంత మనిషండీ మీరు!" అంది ఉండబట్టలేక. "ఆ రోజు నా పక్కన కూర్చోమంటే రాలేదు. ఇవాళ నేను పోతానంటే పోనివ్వరు. మీ కుర్చీకి దండేశారు, తెలుసా? మీరుండగానే!"

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"నిన్ను తీసుకురావడానికి పంపాను కదా, మన షెడ్డు బసవయ్యని. వాడు చెప్పాడు."

"తెలిసి కూడా ఒక్క మాట అడగలేదా?"

"నువ్వే తిడతావని ఎదురుచూశాను. నువ్వు కుక్కతో మాట్లాడావు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు: "ఆ రోజు షెడ్డులో పనేం లేదు. స్టేజి ఎక్కితే మైకు చేతికిచ్చి, భార్య గురించి రెండు ముక్కలు చెప్పమంటారట. పది తప్పినవాణ్ణి. అంతమంది మాస్టర్ల ముందు నేనేదో వాగితే నిన్ను చూసి నవ్వుతారని భయమేసింది."

"నేను చెప్పేదాన్నిగా, మైకు ఇవ్వొద్దని!"

"అడిగితే నువ్వే నవ్వుతావేమోనని."

పామర్రు ఇంకా కొంచెం దూరం ఉంది. ఆయన కారు వేగం తగ్గించి, కాలవ గట్టున పక్కకి తీసి ఆపాడు. గేరు మీద చెయ్యి అలాగే ఉంచాడు. లారీ గేర్ బాక్సుని బొమ్మలా విప్పి బిగించే చెయ్యి. ఆమె దాని మీద తన చెయ్యి వేసింది.

"కుక్కని దాచేబదులు నన్ను అడగొచ్చు కదండీ, మళ్ళీ ఎప్పుడొస్తావని."

"అడిగితే చెప్పేదానివా?"

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. చెప్పేదాన్నని అనలేకపోయింది. కళ్ళలో నీళ్ళు నిండి పొలాలు అలికినట్టయ్యాయి.

వెంకటకృష్ణారావు ఈసారి రోడ్డుకేసి కాదు, ఆమెకేసి తిరిగి చెప్పాడు.

"నేనే ఎత్తుకెళ్ళాను సరసూ. ఇశ్రాయేలుని బెదిరించింది కూడా నేనే, వాణ్ణేమీ అనకు. ఇప్పుడు చెగోడీని తీసుకెళ్దాం. రేపు హైదరాబాదు దాకా పెట్టె నేనే మోసుకొస్తాను. నిన్ను ఆపాలని కాదు, ఒట్టు. నువ్వు వెళ్ళాలి, చల్లగా తిరగాలి. కానీ మొన్న శాంభవి ఫ్లాటు సంగతి చెబితే చూద్దాంలే అన్నావు. నేను వంటింట్లో మంచినీళ్ళు తాగుతున్నాను, విన్నాను. అప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. వాడు ఇక్కడుంటే వాడి కోసమైనా బెజవాడ వస్తావు. వాణ్ణి కూడా తీసుకెళ్ళిపోతే ఇంకెందుకొస్తావు? నాకోసం వస్తావులే అనుకుందామని చాలా చూశాను. ఎంత అనుకున్నా నమ్మకం కుదర్లేదు."