బేస్‌మెంట్‌కి పెట్టిన కిటికీ

ఈ పరాయి దేశంలో, స్కార్‌బరోలో, నేల కింద నేనుండే బేస్‌మెంట్ గదికి కిటికీ లేదు. ఆ సంగతి మా చంద్రకళక్కకి చెప్పే ధైర్యం నాకు లేదు. తనకి ఎనిమిదో నెల, బీపీ ఎక్కువ. టెన్షన్ పెట్టొద్దని డాక్టర్ గట్టిగా చెప్పింది. మా అక్కేమో నాకు జలుబు చేసిందంటే తను అన్నం మానేసే రకం.

అందుకే చెత్త బండి వచ్చే గార్బేజ్ రోజున ఎవరో రోడ్డు పక్కన పెట్టేసిన పాత పెయింటింగ్ మోసుకొచ్చాను. ఆకులు రాలే కాలంలో అడవి. మూలన 1871 అని ఉంది. ఎర్రటి మేపుల్ చెట్లు, మధ్యలో బాట, మనిషి జాడ లేదు. గోడకి తగిలించి అటూ ఇటూ కర్టెన్ కట్టాను. వీడియో కాల్‌లో అచ్చం కిటికీయే! "అబ్బ, ఎంత బావుందే!" అని అక్క మురిసిపోయింది. నా తెలివికి నేనే పొంగిపోయాను, ఏం చెప్పను!

ఆ వారంలోనే గదిలో తడి ఆకుల వాసన మొదలైంది. బేస్‌మెంట్ కదా, చెమ్మలే అనుకున్నాను.

ఒకరోజు ఎప్పట్లాగే అక్కకి వీడియో కాల్ చేశాను. నాకు పొద్దున్న, రాజమండ్రిలో అక్కకి దీపాలు పెట్టే వేళ. బావకి నైట్ డ్యూటీ. ఇంట్లో ఒక్కతే ఉంది. నేను పెయింటింగ్‌కి వీపు పెట్టి కూర్చుని కబుర్లు చెబుతున్నాను. అక్క ఉన్నట్టుండి నా భుజం మీదుగా చూసింది.

"ఒసేయ్, కిటికీ బయట ఎవరే?"

"ఎవరూ లేరక్కా."

"అదిగో, జుట్టు విరబోసుకుని... కాళ్లకి చెప్పులు కూడా లేవు. వణికిపోతోంది పాపం."

వెనక్కి తిరగాలి. తిరగలేకపోయాను. మెడ మీద చల్లగాలి... ఆకుల మీద అడుగుల చప్పుడు...

"అక్కా... ఫోన్ పెట్టెయ్," అన్నాను.

"నీకు జాలనేదే లేదా?" అక్క కోప్పడింది. గుమ్మంలోకొచ్చిన వాళ్లని పిలిచినట్టే పిలిచింది. "లోపలికి రామ్మా! రా, కూర్చో!"

అడుగులు ఆగిపోయాయి.

తిరిగి చూశాను. బాట మీద ఎవరూ లేరు. గదిలోనూ ఎవరూ లేరు. హమ్మయ్య అనుకున్నాను.

ఫోన్‌లో తలుపు తట్టిన చప్పుడైంది. అక్క ఇంటి తలుపు.

"తియ్యొద్దక్కా! నీ కాళ్లు పట్టుకుంటా, తియ్యొద్దు!"

అరుస్తూనే ఉన్నాను. అక్క ఫోన్ బల్ల మీద ఆనించి, నడుం పట్టుకుని లేచి వెళ్లింది. గడియ తీసింది. "వచ్చావా తల్లీ," అంది ఆప్యాయంగా.

తర్వాత ఏ చప్పుడూ లేదు... ఎంతసేపో.

అక్క తిరిగొచ్చి కూర్చుంది. ఒక్కతే. తేలిగ్గా కూర్చుంది. చీర కింద పొట్ట చదునుగా ఉంది.

"అక్కా... బిడ్డ..."

"ఏ బిడ్డే?" అంది అక్క, నవ్వుతూ.

నా వెనక, ఆ చెట్ల మధ్య ఎక్కడో, పసిగుడ్డు ఏడుపు... బాట వెంట దూరమైపోతోంది.