మహారాణి పాసు వెనక

"నా మొక్కలు పీకింది మీరేనా?"

"నేనే. వేళ్ళు తెగకుండా పీకాను. థాంక్స్ చెప్పక్కర్లేదు."

రోజుకు నాలుగు విమానాలు దిగే ఆ చిన్న విమానాశ్రయంలో ఉదయం ఏడింటికే గొడవ మొదలైంది. అతను అక్కడ పర్యావరణం చూసే కొత్త ఆఫీసరు. అందరూ పచ్చబాబు అంటారు. ఆమె పని రన్‌వే మీద వాలే పిట్టల్ని తోలడం. మెడలో ఈల, చేతిలో రేకు డబ్బా. అందరికీ పిట్టలమ్మాయి.

"నలభై పండ్ల మొక్కలండీ! వచ్చే నెలాఖరుకి తనిఖీ. గ్రీన్ సర్టిఫికెట్ రాకపోతే నా పోస్టు తీసేస్తారు."

"పండ్లు కాస్తే పిట్టలొస్తాయి. పిట్టలొస్తే ఇంజన్లో పడతాయి. రన్‌వే పక్కన పండ్లతోట పెట్టిన మొదటి మనిషి మీరే అయ్యుంటారు."

అతని మొహం మాడిపోయింది. అంతలో వాన. ఇద్దరూ పక్కనున్న షెడ్డులోకి పరుగెత్తారు. అందులో గడ్డి కోసే యంత్రం పొగ కక్కుతోంది.

"ముందు దీన్ని ఆపండి," అందామె దగ్గుతూ. "డీజిల్ తాగడం తప్ప ఇదేం పని చేస్తోంది? మా నానమ్మకి పదకొండు మేకలున్నాయి. పొగ రాదు. వచ్చేదేదో ఎరువుకి పనికొస్తుంది."

అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. వాన అప్పుడే ఎందుకు ఆగిందా అని అతనికి కోపం వచ్చింది.

రన్‌వేకి దూరంగా, రెండు కంచెల మధ్య మేకల్ని మేపడానికి అనుమతి దొరికింది. కానీ గేటు ఆఫీసరు అడ్డం పడ్డాడు. లోపలికి ఏ ప్రాణి వచ్చినా ఫొటోతో పాసు ఉండాలట. పదకొండు దరఖాస్తులు తెచ్చుకుని ఇద్దరూ బల్ల ముందు కూర్చున్నారు. అతను అడిగి రాస్తున్నాడు, ఆమె చెబుతోంది.

"పేరు?"

"ఈ నల్లది మహారాణి."

"తండ్రి పేరు?"

"గడ్డం. అన్నిటికీ అతనే."

"వచ్చిన పని?"

"భోజనం."

"ఎంతకాలం?"

"గడ్డి ఉన్నంతకాలం."

"వెంట ఉండేవారు?"

"మీరే. పర్మనెంట్ పాసు లేనివాళ్ళ వెంట ఉద్యోగి ఉండాలి. రూలు."

అలా పచ్చబాబు రోజూ ఉదయం మేకల వెనక తిరిగాడు. మహారాణి అతని చొక్కా అంచు నములుతూ తిరిగింది. నానమ్మ కంచె పక్కన స్టూలు వేసుకుని అన్నీ గమనించింది.

"అబ్బాయ్, మేకల్ని చూడమంటే మా పిల్లని చూస్తున్నావేంటి?"

"పిట్టల్ని చూస్తున్నానండీ."

"అవి ఎప్పుడో ఎగిరిపోయాయి."

తనిఖీ ముందు రోజు మధ్యాహ్నం అతను ధైర్యం చేసి ఉత్తరం రాశాడు. ఆఫీసులో కొత్త కాగితం ముట్టకూడదు, రెండో వైపు వాడాలి. ఆ రూలు పెట్టింది తనే. చేతికందిన పాత కాగితం తిప్పి రాసి, ఇవ్వడానికి సిగ్గుపడి, ఫైల్లో దాచాడు.

మర్నాడు తనిఖీ మేడమ్ ఆ ఫైలే తెరిచింది.

"మేకల పాసులా? మహారాణి. రంగు నలుపు. తండ్రి గడ్డం. బాగుంది." కాగితం తిప్పి పైకి చదివింది. "నువ్వు ఈల వేస్తే పిట్టలన్నీ ఎగిరిపోతాయి. నేను మాత్రం కదల్లేను. నువ్వు సెలవు పెట్టిన రోజు ఈ విమానాశ్రయం బస్టాండులా ఉంటుంది..."

మేడమ్ కళ్ళద్దాలు తీసి కిటికీలోంచి మహారాణిని చూసింది.

"ఆఫీసరుగారూ, ఈ మేక ఈల వేస్తుందా?"

"మేకెక్కడ వేస్తుందమ్మా," అంది గుమ్మంలోంచి నానమ్మ. "మా మనవరాలు వేస్తుంది."

పక్కనే ఉన్న మనవరాలు టక్కున మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. పచ్చబాబుకి ప్రాణం ఉసూరుమంది. పోస్టూ పోయింది, పిల్లా పోయింది.

"క్షమించండి మేడమ్, పొరపాటున..."

"పొరపాటేంటి? యంత్రం ఆగి నెలైంది, డీజిల్ ముట్టలేదు, అది చూశాను. కాగితం రెండువైపులా వాడతామని అందరూ రిపోర్టులో రాస్తారు. నిజంగా వాడినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను!" అంటూ సర్టిఫికెట్ మీద ముద్ర గుద్దింది.

అతను ముద్ర వైపు చూడనైనా చూడకుండా కంచె దగ్గరికి పరుగెత్తాడు. ఆమె అక్కడే ఉంది. ఒక కాగితం అతని చేతిలో పెట్టింది. పాత డ్యూటీ చార్టు వెనక, వంకర గీతలతో దరఖాస్తు.

పేరు: పచ్చబాబు. వెళ్ళే చోటు: మా ఇల్లు. పని: నానమ్మని అడగడం. వెంట ఉండేవారు: నేను. ఎంతకాలం దగ్గర ఖాళీ.

"నానమ్మగారు ఇక్కడే ఉన్నారుగా, ఇప్పుడే అడగనా?"

"పాసు లేకుండానా? ముందు ఆ ఖాళీ నింపు."

అతను రాశాడు: గడ్డి పెరిగినంతకాలం.

"గడ్డి ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుంది కదా?"

"అందుకే."

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. అంతలో మహారాణి ఆ కాగితం వైపు మెడ చాపింది. నానమ్మ గబుక్కున దాని చెవి పట్టుకుని వెనక్కి లాగింది.

"దాన్ని ముట్టావంటే చూడు! అది నీ పాసు కాదే, మా ఇంటి అల్లుడిది."