తీసేసిన సెంటీమీటరు

"మీ కంప్యూటరుకి చెవులున్నాయా?" అని అతను అడిగిన రోజే ఇద్దరికీ చెడింది.

"మీ చెవులకి లెక్కలొచ్చా?" అందామె, లాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే.

అతను ఆ పియానోల వర్క్‌షాపులో తీగలు బిగించే మనిషి. ఆమె యజమాని మేనకోడలు. ప్రతి తీగ పొడవూ మందమూ కంప్యూటర్లో వేసి, దాని మీద ఎంత బిగువు పడుతుందో గ్రాఫులో చూడటం ఆమె పని. ఆ రోజు నుంచి ఆమె గ్రాఫమ్మ, అతను చెవిగారు. ఉప్పూ నిప్పూలా ఉన్నారని అందరూ నవ్వుకునేవారు. ఆమె రాని రోజున చెవిగారికి ఒక్క తీగా శ్రుతిలో కుదిరేది కాదు. ఆ సంగతి చెప్పడానికి మాత్రం నోరు పెగిలేది కాదు.

అప్పుడు చేస్తున్న పియానో యజమాని భార్యది. ఆవిడ పోయి ఆరేళ్లు. పెద్దాయనకి వినికిడి రోజురోజుకీ తగ్గిపోతోంది.

"పూర్తిగా పోయేలోగా దాన్ని ఒక్కసారి వినాలిరా" అన్నాడాయన. అందుకే పాత తీగలు తీసి కొత్తవి వేయడానికి పూనుకున్నారు.

అతను కొలిచి చెప్పాడు, ఆమె టైపు చేసింది. పై స్వరాల పొట్టి తీగల దగ్గర గ్రాఫు గోతిలో పడ్డట్టు దిగిపోయింది.

"ఇక్కడ బిగువు చాలట్లేదు. మందం తీగ వెయ్యాలి."

"నా చెవికి అలా అనిపించట్లేదే."

"అయితే కొలతలు తప్పేమో?"

"పదేళ్లుగా కొలుస్తున్నానండీ!"

"నా లెక్కా తప్పదండీ!"

పంతానికి పోయి ఆమె చెప్పిన మందమే వేశాడు.

మూడోసారి శ్రుతి చేస్తుండగా, మిట్టమధ్యాహ్నం, తుపాకీ పేలినట్టు చప్పుడైంది. తీగలన్నిటినీ మోసే ఇనుప ఫ్రేము పైభాగంలో పగిలింది. అలాంటి ఫ్రేము ఇప్పుడెవరూ పోత పోయరు. అతికించినా అంత బిగువుకి ఆగదు. ఇక ఆ పియానో లేనట్టే.

బయట వాన మొదలైంది. ఇంకో రోజైతే ఉన్న ఒక్క గొడుగు కోసం దెబ్బలాడుకునేవాళ్లు.

ఆమె టేపు తీసుకుని చిట్టచివరి తీగ కొలిచింది. "ఆరు పాయింట్ ఒకటి."

"టేపు మొదట్లో సెంటీమీటరు తెగిపోయిందిగా. ఒకటి తీసెయ్యాలి" అన్నాడతను నీరసంగా. "నేను తీసేసే చెప్పాను."

ఆమె మొహం పాలిపోయింది. "మీరు తీసేశారా? ఒకటి తీసెయ్యమని మావయ్య మొదటి రోజే చెప్పాడు. నేనూ తీసేశాను."

ఐదు సెంటీమీటర్ల తీగ లెక్కలో నాలుగైంది. పొడవాటి తీగలకి పెద్ద లెక్కలోది కాని ఆ సెంటీమీటరు పొట్టి తీగల దగ్గర కొంప ముంచింది. లేని లోటు పూడ్చడానికి వేసిన మందం తీగలే ఫ్రేముని విరిచాయి.

"ఒక్కమాట అడక్కపోయారా?"

"అడిగితే వెక్కిరిస్తారని."

"వెక్కిరించేవాణ్ణే" అన్నాడు. అబద్ధమాడే ఓపిక కూడా లేదతనికి.

ఇద్దరూ పెద్దాయన ముందు నిలబడి, తప్పు నాదంటే నాదని గట్టిగా అరిచి చెప్పారు.

"పై స్వరాల తీగలు నాకు వినపడక ఏడాదైందమ్మా. చెబితే పని ఆపేస్తారని చెప్పలేదు. ఆవిడ ఎక్కువ వాయించేది అక్కడే." కళ్లు తుడుచుకున్నాడు. "ఏడవండి. ఏడవాల్సిందే. కాకపోతే ఇద్దరూ ఒకచోట కూర్చుని ఏడవండి."

పగులు పెరగకుండా తీగలన్నీ వదులు చేయాలి. రెండువందల పైచిలుకు. అతను తీగలు చుట్టిన ఒక్కో మేకూ తిప్పుతుంటే ఆమె పక్కనే కూర్చుంది.

"రేపట్నుంచి నాకిక్కడ పనిలేదు" అందామె.

"ఉంది. నేను ఏం చెప్పినా మళ్లీ ఒకసారి అడగాలి. జీవితాంతం. నువ్వు లేకపోతే నాకు ఏ స్వరమూ కుదరదు గ్రాఫమ్మా."

"అడిగితే వెక్కిరిస్తారా?"

"వెక్కిరిస్తాను. చెబుతాను కూడా."

ఆమె నవ్వబోయి భోరుమంది. అతనూ ఆగలేకపోయాడు.

ఆఖరి లావుపాటి తీగ మిగిలుండగా పెద్దాయన వచ్చాడు. పియానో చెక్క మీద అరచెయ్యి ఆనించి, దాని మీట నొక్కమన్నాడు. ఇద్దరూ కలిసి నొక్కారు.

"ఇది వినిపించింది" అన్నాడాయన.

తర్వాత దాన్నీ వదులు చేశారు.