ఎర్ర కుళాయి

“జిలానిని చంపేశారు,” అంది ఫోన్‌లో పై అధికారి అంజలి. “నిన్న సాయంత్రం, ఖురంలో, పార్కింగ్‌లో.”

వ్యాన్ అద్దం తుడుస్తున్న రఘుపతి చెయ్యి ఆగిపోయింది. ఉదయం ఆరున్నర కూడా కాలేదు, అల్ హైల్‌లో అప్పుడే గల్ఫు ఎండ వీపు మీద వాతలు పెడుతోంది.

“లిస్టు?”

“పోయింది. మైక్రోచిప్‌లో ఉంది. ఈరోజు నీ వ్యాన్ ఎక్కే ముగ్గురిలో ఒకరు కొరియర్. నాలుగింటికి సూర్‌లో పడవకు అందిస్తారు. తప్పు మనిషిని పట్టుకుంటే అసలు మనిషి మాయం. ఒక్కటే ఛాన్స్.”

“ముగ్గురిలో మదీహా ఉంది కదా. మన మనిషి.”

“మన మనిషే. వాళ్ల మనిషి కూడా.” లైన్ కట్ అయింది.

ఆ లిస్టులో ఇరవై రెండు పేర్లున్నాయి. దుక్మ్ సైట్‌లో వెల్డింగ్ చేసే పెద్దులు, ఒక పెద్ద విల్లాలో వంట చేసే జైనబీ, ఇంకా ఇరవై మంది. డ్యూటీలో చెవిన పడ్డది రఘుపతికి చేరవేసేవాళ్లు. ఒక్కొక్కరినీ టీ తాగించి, బతిమాలి, ‘మీకేం కాదు, నేనున్నా’ అని మాటిచ్చి చేర్చుకున్నది అతనే. ఆ మాట నమ్మి లిస్టును తన దగ్గర దాచినవాడు జిలాని.

పదకొండేళ్లుగా రఘుపతి పైకి టూర్ డ్రైవర్, లోపల ఏజెంట్. నిజం చెప్పాలంటే ఈ మధ్య డ్రైవింగే బాగా చేస్తున్నాడు. యాభై నాలుగేళ్లు, అరిగిన మోకాళ్లు. జేబులో హెడ్‌క్వార్టర్స్ ఇచ్చిన పెన్ను. క్యాప్ నొక్కితే సూది బయటికొస్తుంది, గుచ్చితే పది సెకన్లలో నిద్ర. ఆ పెన్ను కూడా అతనితో పాటే ఈ ఎండల్లో ఏళ్ల తరబడి కాగుతోంది.

ముగ్గురూ ఎక్కారు. నల్ల కళ్లద్దాలు, అత్తరు ఘుమఘుమలతో మదీహా. ఫోన్ కింద పెట్టని బెంగళూరు ఐటీ అమ్మాయి సింధూజ. రిటైరైన పోస్ట్‌మాస్టర్ గణపతి. విమానమెక్కడం ఇదే మొదటిసారట, ఒళ్లో స్టీలు డబ్బా.

మొదటి స్టాప్ బిమ్మా సింక్‌హోల్. చదును నేల ఉన్నట్టుండి కుంగిపోయి పెద్ద గుంట, అడుగున పచ్చటి నీళ్లు. ఆకాశం నుంచి చుక్క రాలిపడ్డ చోటని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారని రఘుపతి వెయ్యోసారి చెప్పాడు. సింధూజ గుంటకంటే కార్ల నంబర్లే ఎక్కువగా ఫోటోలు తీస్తున్నట్టు అనిపించింది. అనుమానం అటే మొగ్గింది.

మదీహా పక్కకు వచ్చి నిలబడింది. “కొరియర్ ఎవరో నాకూ తెలియదు రఘుపతి భాయ్. పడవ దగ్గర ఒకరు ఇచ్చేది తీసుకొమ్మన్నారు, అంతే.” గొంతు తగ్గించింది. “లిస్టులో నా పేరుందా?”

“ఉంది,” అన్నాడు రఘుపతి.

వాదీ షాబ్‌లో ఆడవాళ్లిద్దరూ కొండల మధ్య నీటి దారి వెంట నడిచి వెళ్లారు. గణపతి మాత్రం నీడన రఘుపతి పక్కనే చతికిలబడ్డాడు.

“ఏ ఊరు తమ్మీ మీది?”

“జగిత్యాల దగ్గర, అన్నా.”

“గట్లనా! మాది మెట్‌పల్లి.” స్టీలు డబ్బా మూత తీశాడు. “ఇగో, ఇంట్ల చేసిన సకినాలు. తిను. మొకం గట్ల వాడిపోయిందేంది?”

సకినం కరకరలాడింది. వాము వాసన నేరుగా గుండెలోకి పోయింది. ఇంత ఆప్యాయంగా తన బాసలో ఎవరైనా తనని పలకరించి ఎన్నాళ్లయిందో! ఈ ఉద్యోగం ఇక చాలు, ఇంటికి పోదామనిపించింది రఘుపతికి.

తిరిగొచ్చాక రోడ్డు పక్క హోటల్లో భోజనం. గణపతి ముందు చేతులు కడుక్కుని వెళ్లి కూర్చున్నాడు. తర్వాత సింధూజ నీలం గుర్తున్న కుళాయి తిప్పి, “అమ్మో!” అని చెయ్యి లాక్కుంది.

“ఎర్రది తిప్పమ్మా,” అన్నాడు రఘుపతి. “ఈ కాలంలో మిద్దె మీద ట్యాంకు కాగిపోతుంది. గీజర్ ఆపేసి అందులో నీళ్లు వాడుకుంటాం. అవే చల్లన.” అలా అంటూనే ఆగిపోయాడు. ఇక్కడ వేసవులు గడిపి, చేతులు కాల్చుకున్నవాళ్లకే తెలిసే సంగతది. గణపతి ఇందాక ఏ మాత్రం తడబడకుండా ఎర్ర కుళాయే తిప్పాడు.

బల్ల దగ్గరికెళ్లి తాపీగా అడిగాడు. “గల్ఫుకు ముందెప్పుడన్న వచ్చిండ్రా అన్నా?”

“లే తమ్మీ. గిదే మొదటిసారి.”

రఘుపతికి కోపం రాలేదు, దుఃఖమొచ్చింది.

మూడింటికి వ్యాన్ ఎక్కాక సీట్‌బెల్ట్ సర్దుతున్నట్టు వంగి గణపతి తొడలో పెన్ను గుచ్చాడు.

“ఏందది తమ్మీ, సుర్రుమన్నది?”

“బకిల్ అన్నా. ఎండకు కాలింది.”

పది సెకన్లు. అరవై. ఐదు నిమిషాలు. గణపతి నిక్షేపంగా కూర్చుని ఖర్జూరపు తోటల గురించి ప్రశ్నలడుగుతున్నాడు. హెడ్‌క్వార్టర్స్ మందుకు గడువు తీరిందని రఘుపతికి అర్థమైంది.

సూర్. చెక్క పడవలు కట్టే రేవు. మూడూ యాభై ఎనిమిది. మదీహా ముందే వెళ్లి పడవ అంచున నిలబడింది. గణపతి డబ్బా చంకన పెట్టుకుని నడిచాడు. రఘుపతి పరుగందుకున్నాడు, మోకాలు కలుక్కుమంది, కూలబడ్డాడు. పెద్దులు, జైనబీ కళ్ల ముందు మెదిలారు. పడవ ఇంజన్ మోగింది. గణపతి పడవెక్కడానికి వేసిన చెక్క మీద కాలు పెట్టాడు, ఆవులించాడు, అక్కడే కూర్చుని గురక పెట్టాడు.

పడవవాడు డబ్బాకోసం చెయ్యి చాచాడు. మదీహా ముందే అందుకుంది. పడవ వైపు చూసింది. నేల మీద కుంటుతూ లేస్తున్న రఘుపతి వైపు చూసింది. చెక్క దిగి వచ్చి డబ్బా అతని చేతిలో పెట్టింది. పడవ ఒక్క ఉదుటున సముద్రంలోకి పారిపోయింది.

“అంకుల్‌కి ఏమైంది?” పరిగెత్తుకొచ్చింది సింధూజ.

“ఎండదెబ్బ, అమ్మా.”

గణపతిని మోసుకెళ్లడానికి అంబులెన్స్ వేషంలో తన మనుషులను పంపాక, అంజలి మళ్లీ ఫోన్ చేసింది. “శభాష్. డబ్బా అడుగు నుంచి తీసి మనవాళ్లకిచ్చావే, ఆ చిప్ చూశాం. ఇరవై రెండు పేర్లు. అందులో మదీహా పేరు లేదే? ఉందని తెలిసే డబ్బా నీకిచ్చానంటోంది, ఆమెకు ఎవరు చెప్పారు?”

“ఏమో మేడమ్.”

“సరే. డబ్బాలో ఇంకేమైనా ఉందా?”

రఘుపతి వ్యాన్ మెట్టు మీద మోకాలు చాపుకుని, నోట్లోది నిదానంగా నమిలి మింగాడు.

“ఏం లేదు మేడమ్. ఖాళీ.”